విప్పి తెచ్చిన ఇళ్ళు

చెప్పులు విడిచి అరుగెక్కండి. గేటు తెరిచి ఎంతోసేపు కాలేదు, అయినా చెన్నై ఎండ అప్పుడే వీపు మీదికెక్కింది. అరుగు మాత్రం చల్లగా ఉంది. గుమ్మంలో నిలబడితే చూపు ఎక్కడా ఆగదు: నడవ, ఆకాశం కనబడే ముంగిలి, వంటిల్లు, ఆ వెనక పెరటి వెలుగు. గోడలు పక్కింటివాళ్ళతో పంచుకున్న అగ్రహారపు ఇంటికి గాలీ వెలుగూ రావాలంటే ఉన్నవి మూడే దారులు. వీధి, పెరడు, నెత్తిన ఆకాశం. తిరునెల్వేలి జిల్లా ఆంబూరులో ఉండాల్సిన ఇల్లు ఇది. లారీ ఎక్కి ఇంత దూరం వచ్చింది.

ఈ ఆవరణ పేరు దక్షిణచిత్ర. చెన్నై నుంచి మహాబలిపురం వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో, ముట్టుకాడు దగ్గర, సముద్రపు గాలి తగిలే పదెకరాల నేల. అమెరికాలో పుట్టి, తమిళ కుటుంబంలోకి కోడలిగా వచ్చిన డెబోరా త్యాగరాజన్, చెట్టినాడులో లంకంత కొంపలు తలుపులుగా, స్తంభాలుగా విడిపోయి అమ్ముడుపోవడం చూశారు. 1984లో ఆమె చేతులమీదుగా మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ మొదలైంది, ఈ ఆవరణ దాని పనే. ఆవరణకు రూపం గీసింది లారీ బేకర్, దగ్గరుండి కట్టించిన ఆర్కిటెక్ట్ బెన్నీ కురియాకోస్. 1996 డిసెంబరు 14న జనానికి తలుపులు తెరిచారు. ఇక్కడికొచ్చిన ఇళ్ళు సొంతదార్లు కూల్చేద్దామనుకున్నవే. వాటిని కొని, విప్పి, లారీల్లో తెచ్చి, ఆయా ప్రాంతాల వడ్రంగులనీ స్థపతులనీ పిలిపించి మళ్ళీ నిలబెట్టారు.

చెట్టియారు ఇంటి స్తంభం చుట్టూ చేతులు వేసి చూడండి. బర్మాలో వ్యాపారం చేసినవాళ్ళు అక్కడి టేకుతో కట్టుకున్న వైభవం ఇది. చెట్టినాడు గోడలకు సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి నునుపు తెచ్చేవారు. బర్మా చేజారాక ఆ డబ్బూ పోయింది. ఒక్కో ఇంటికి పాతికమంది వారసులు, బాగుచేయించేవాడు ఒక్కడూ లేడు. కారైక్కుడి పాతసామాన్ల బజారులో దొరికే దర్వాజాలు అలాంటి ఇళ్ళవే.

కేరళ వైపు రాగానే చెక్క వాసన. కొట్టాయం దగ్గరి పుదుప్పళ్ళి నుంచి వచ్చిన సిరియన్ క్రైస్తవుల ఇల్లు ఇది, 1850 నాటిది. గుమ్మం దాటగానే ఎదురయ్యేది ధాన్యపు గది, వాళ్ళ మాటలో 'అర'. ఇంటికి గుండెకాయ ఎక్కడుందో దాచుకోలేదు వాళ్ళు. గోడలు కూడా చెక్క పలకలే. మేకులతో కాక జోడింపులతో నిలిచే పనితనం కాబట్టి, పట్టెమంచం విప్పినట్టు విప్పి, మరో చోట బిగించుకోవచ్చు. తరలించడానికి ఇంతకంటే అనువైన ఇల్లు ఉండదు. కర్ణాటక ఇళ్ళ దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. ఇల్కల్ నేతగాళ్ళ రాతి ఇల్లు, చిక్కమగళూరు ముస్లిం ఇల్లు, రెండూ చూడదగ్గవే. కానీ మనసు అవతల మనవాళ్ళ ఇళ్ళ దగ్గరుంది.

ఇదిగో, కొయ్యలగూడెం. చౌటుప్పల్ దగ్గరి ఆ ఊరు ఒకప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. చిటికి చీరలు నేసే సాలె కుటుంబం ఇల్లు. లోపల ఎవరో నానమ్మ, మనవరాలు మనకంటే ముందే చేరారు.

"నానమ్మా, ఇంట్ల మగ్గం పెడ్తే మరి పండుడెక్కడ?"

"మగ్గం పక్కకే, బిడ్డా. మా ఇంట్ల గుంట గిట్లనే, కిటికీ కాడ ఉండె. గుంటల కాళ్ళు పెట్టి తాత నేస్తుండె, నేను ఆసు పోస్తుంటి."

ఆ 'ఆసు' అన్న మాట దగ్గర ఆగాలి. ఈ నేతలో బట్ట మీద రంగు వెయ్యరు. నూలుకే ముందుగా ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. ముడులు కట్టేముందు పేక నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ ఒక్కొక్క పోగుగా తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి. ఆ పని ఆడవాళ్ళది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇల్లు ఇల్లంతా చుట్టి రండి, ఆ భుజం నొప్పి మాత్రం ఎక్కడా కనబడదు. ఊడ్చి, అలికి, ముగ్గేసినట్టున్న శుభ్రత. సాలెవాడలో ఇంటింటి నుంచీ వచ్చే మగ్గం చప్పుడు లేదు, గంజి వాసన లేదు, అప్పు వసూలుకొచ్చిన సేటు లేడు. ఇల్లొచ్చింది గానీ ఇరుగుపొరుగు రాలేదు. ఇలాంటి చోట్లకు ఇది తప్పని లోటే. అలాగని చిన్న లోటేం కాదు.

ఇక వంగండి. బాగా వంగండి. విశాఖ తీరంలోని హరిపురం చుట్టిల్లు ఇది. తాటాకు కప్పు మీ నడుము దాకా దిగి ఉంది. లోపలికెళ్ళాక ఒక్క క్షణం ఏమీ కనబడదు, తర్వాత గుండ్రటి మట్టి గోడ మెల్లగా తేలుతుంది. బయట కాలిన వీపు ఇక్కడ చల్లబడుతుంది. తుపాను గాలికి ఎదురు నిలవడానికి ఇంటికి మూలంటూ లేదు, గాలి చుట్టూ జారిపోవాల్సిందే. కిందికి దిగిన చూరు మట్టి గోడను వానకు తడవనివ్వదు. ఇంజనీరు గీసిచ్చిన ప్లాను కాదిది. ఏటా తుపాను చూసినవాళ్ళు తమకు తాము నేర్చుకున్నది.

టేకు స్తంభం లారీ ఎక్కుతుంది. మట్టి గోడ ఎక్కదు, కొత్త మట్టితో మళ్ళీ పెట్టాల్సిందే. అందుకే ఎక్కడ చూసినా మిగిలేవి కలిగినవాళ్ళ ఇళ్ళు. చుట్టిల్లును కూడా లెక్కలోకి తీసుకున్నందుకు దక్షిణచిత్రకు నా ఓటు.

మనకు విప్పి తరలించడం రాదా? వచ్చు. నాగార్జునసాగర్ నీళ్ళు వస్తున్నాయని నాగార్జునకొండ కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ మార్చి నిలబెట్టాం. శ్రీశైలం జలాశయం వల్ల కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురం చేర్చాం. దేవుడి ఇంటికి చేసిన పని మనిషి ఇంటికి చెయ్యలేదు. ఆ ఊళ్ళ ఇళ్ళు నీళ్ళలోనే ఉండిపోయాయి. హైదరాబాద్ శిల్పారామంలో పల్లె ఇళ్ళున్నాయి గానీ, అవి చూపడానికి కొత్తగా కట్టిన నమూనాలు. కోనసీమ మండువా లోగిలి, రాయలసీమ మట్టిమిద్దె, తెలంగాణ భవంతి, ఏటా ఎన్నో పడిపోతున్నా, అచ్చంగా విప్పి తెచ్చిన ఇళ్ళతో దక్షిణచిత్ర అంతటి ఆవరణ మన రెండు రాష్ట్రాల్లో లేదు.

కాబట్టి మీ ఊరి పాత ఇంటిని పడగొట్టే రోజు వస్తే, దూలాలు బేరం పెట్టకముందే గదుల కొలతలు రాయించండి, ప్రతి గదికీ నాలుగు ఫొటోలు తీయించండి. దక్షిణచిత్రకు వెళ్ళాలనుకుంటే మంగళవారం వద్దు, ఆ రోజు సెలవు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వెంట తీసుకెళ్ళండి. ఏ గదిలో ఎవరు పడుకునేవారో అక్కడి బోర్డులకన్నా వాళ్ళే బాగా చెప్తారు.