బాటసారి దస్త్రం

అమెరికా పల్లెదారుల్లో అతివేగానికి పోలీసు రాసిచ్చే కాగితాన్ని మనవాళ్ళు 'టిక్కెట్టు' అంటారు. చట్టం దాన్ని 'సైటేషన్' అంటుంది. మొదటి మాట వింటే సినిమా టిక్కెట్టూ బస్సు టిక్కెట్టూ గుర్తుకొస్తాయి; డబ్బు కట్టేస్తే తీరిపోయే వ్యవహారమే కదా అనిపిస్తుంది. రెండవ మాటకు అర్థం వేరు. ఫలానా రోజున ఫలానా న్యాయస్థానం ముందు జవాబు చెప్పుకోమని పిలుపు అది. ఆ కాగితం రసీదు కాదు, ఒక వ్యాజ్యానికి తొలిపుట. ఆ వ్యాజ్యాన్ని ఎవరు తీరుస్తారు, జరిమానా ఎవరి పెట్టెలో పడుతుంది, దస్త్రం ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్ళుంటుంది? ఈ ప్రశ్నల వెనుక ఆరున్నర శతాబ్దాల కథ ఉంది. నేను చదివి తెలుసుకున్నంతలో దాన్ని ఈ టపాలో చెప్పదలిచాను.

ఇంగ్లండులో మూడవ ఎడ్వర్డు కాలంలో, 1361లో చేసిన ఒక చట్టం, ప్రతి కౌంటీలోనూ శాంతిభద్రతలు చూడడానికి కొందరు స్థానిక పెద్దలను నియమించమంది. వారికే 'జస్టిస్ ఆఫ్ ది పీస్' అన్న పేరు స్థిరపడింది. వీరందరూ న్యాయశాస్త్రం చదివినవారు కానక్కరలేదు. ఊరిలో పరపతి ఉంటే చాలు. మన మద్రాసు రాజధాని పల్లెల్లో గ్రామ మునసబు చిన్నచిన్న తగాదాలు తీర్చినట్లే, వీరు అక్కడి చిల్లర నేరాలను విచారించేవారు. వలసలతో పాటు ఈ పదవి కూడా అట్లాంటిక్ దాటింది. 254 కౌంటీలున్న టెక్సస్ రాష్ట్రంలో నేటికీ కౌంటీని కొన్ని భాగాలుగా విభజించి, వాటికి జస్టిస్ ఆఫ్ ది పీస్‌లను ఓట్లతో ఎన్నుకుంటారు. వారికి న్యాయశాస్త్ర పట్టా ఉండాలన్న నియమం లేదు.

చదువు లేకపోవడం కన్నా పెద్ద చిక్కు జీతం దగ్గర వచ్చింది. పల్లె కౌంటీలకు న్యాయాధికారికి నెలజీతం ఇచ్చే స్తోమత ఉండేది కాదు. కనుక చాలా రాష్ట్రాల్లో అతడి భృతిని కేసుల మీద వచ్చే రుసుముకు ముడిపెట్టారు. నిందితుడు దోషి అని తేలితే కోర్టు ఖర్చులు అతడి దగ్గరే వసూలు చేయవచ్చు. నిర్దోషి అయితే ఆ ఖర్చులు ఎవరి దగ్గర రాబట్టాలి? ఈ ఏర్పాటులో తీర్పు ఎటు మొగ్గుతుందో ఊహించడానికి పాండిత్యం అక్కరలేదు. జే.పీ. అంటే 'జడ్జిమెంట్ ఫర్ ప్లెయింటిఫ్', అనగా ఫిర్యాదికే తీర్పు అని అక్కడ ఒక పాత ఛలోక్తి ఉంది. జార్జియా రాష్ట్రంలో ఐతే 1970లలో కూడా జస్టిస్ ఆఫ్ ది పీస్ సోదా వారెంటు ఇస్తే 5 డాలర్లు ముట్టేవి, నిరాకరిస్తే ఏమీ రాదు. 1977లో సుప్రీం కోర్టు ఆ పద్ధతిని కొట్టివేసింది.

ఈ పాత ఏర్పాటులోకి మోటారు కారు వచ్చింది. కనెక్టికట్ రాష్ట్రం 1901లోనే కార్ల వేగానికి హద్దు పెట్టింది: పట్టణాల్లో గంటకు 12 మైళ్ళు, బయట 15. అంతకుముందు పల్లె న్యాయాధికారి ముందుకు వచ్చేవాడు ఎక్కువగా ఊరివాడే. అన్యాయం చేస్తే రేపు సంతలో ఎదురుపడతాడు, మరునాడు ఎన్నికలో ఓటు వేస్తాడు. కారు మాత్రం పొరుగూరివాణ్ణి, పొరుగు రాష్ట్రంవాణ్ణి మోసుకొచ్చింది. అతడికి ఈ ఊరిలో ఓటు లేదు, చుట్టం లేడు, మళ్ళీ వచ్చే పని లేదు. యాభై డాలర్ల కోసం మూడు వందల మైళ్ళు వెనక్కి వచ్చి వాదించుకోడు. పన్ను వేస్తే ఊరివాళ్ళు ఊరుకోరు. జరిమానా వేస్తే బాటసారి సణుక్కుంటూ కట్టి పోతాడు. పల్లె ఖజానాకు ఇంతకన్నా సాధువైన పాడి ఆవు ఎక్కడ దొరుకుతుంది?

జార్జియాలో లాంగ్ కౌంటీకి ముఖ్యపట్టణం లుడోవిసి. ఫ్లారిడాకు పోయే యాత్రికులు ఆ ఊరి మీదుగా వెళ్ళేవారు. అక్కడి వలల గురించి ఎంత అపఖ్యాతి వచ్చిందంటే, 1970లో సాక్షాత్తూ ఆ రాష్ట్ర గవర్నరు లెస్టర్ మేడక్స్ ప్రయాణికులను హెచ్చరిస్తూ దారి పక్కన పెద్ద బోర్డులు పెట్టించాడు. తన రాష్ట్రంలోని ఊరి గురించి తానే దండోరా వేయించవలసి వచ్చిందన్నమాట.

న్యాయస్థానాలు ఈ జబ్బును ఎలా పట్టుకున్నాయన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన భాగం. మొదటి దెబ్బ ట్రాఫిక్ కేసులో కాదు, మద్యనిషేధపు రోజుల్లో ఒక సారా కేసులో పడింది. ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటీ నగరం పక్కనే నార్త్ కాలేజ్ హిల్ అని అప్పటికి 1,104 మంది జనాభా ఉన్న చిన్న ఊరు. దాని మేయరే న్యాయాధికారి కూడా. కౌంటీలో ఎక్కడ మద్యం పట్టుబడినా విచారించే అధికారం చట్టం అతడికి ఇచ్చింది. ఎడ్ ట్యూమీ అనే వ్యక్తికి ఆయన 100 డాలర్ల జరిమానా వేశాడు, కట్టేదాకా జైలన్నాడు. శిక్ష పడింది కాబట్టి మేయరుకు సొంతంగా 12 డాలర్లు వచ్చాయి, పడకపోతే రావు. 1923లో మే 11 నుంచి డిసెంబరు 31 వరకు ఇలాంటి కేసుల మీద మేయరు చేతికి అందింది 696 డాలర్ల 35 సెంట్లు. 1927లో ట్యూమీ వర్సెస్ ఒహాయో కేసులో ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్ ఏకగ్రీవ తీర్పు రాస్తూ, తీర్పరికి తీర్పులో సొంత లాభం ఉంటే అది న్యాయవిచారణే కాదన్నాడు.

మరుసటి ఏడే, 1928లో, జీనియా అనే ఊరి మేయరు వేసిన శిక్షను అదే కోర్టు సమర్థించింది. ఆ మేయరుకు జీతం స్థిరంగా వస్తుంది, ఊరి పాలనాభారం వేరొక మేనేజరు చేతిలో ఉంది అన్నవి కారణాలు. దీంతో ఒక సందు మిగిలింది. మేయరు జేబులోకి కాకుండా ఊరి ఖజానాలోకి డబ్బు పోతే తప్పు లేదా?

జవాబు రావడానికి నలభై నాలుగేళ్ళు పట్టింది. ఈసారి అచ్చంగా ట్రాఫిక్ కేసు. అదే ఒహాయోలో మన్రోవిల్ అనే పల్లె. క్లారెన్స్ వార్డ్ అనే వ్యక్తికి రెండు ట్రాఫిక్ నేరాల మీద మేయరు చెరి 50 డాలర్లు విధించాడు. వార్డ్ పక్షాన కోర్టులో బలంగా నిలిచినవి ఊరి జమాఖర్చుల అంకెలు. 1964లో ఊరి మొత్తం ఆదాయం 46,355 డాలర్లు. అందులో మేయరు కోర్టు తెచ్చిపెట్టింది 23,589. సగానికి పైమాటే. 1968లో 52,995 డాలర్లలో 23,439. ఈ ఆదాయానికి గండికొట్టే శాసనమేదో రాబోతోందని తెలిసి, ఊరివారు సలహా కోసం ఒక నిపుణుణ్ణి కూడా నియమించుకున్నారట! 1972లో న్యాయమూర్తి బ్రెన్నన్ తీర్పు చెప్పాడు: ఊరి ఆర్థిక భారం మోసే మేయరు నిష్పక్షపాతి కాలేడు. పైకోర్టుకు వెళ్తే మళ్ళీ మొదటినుంచి విచారిస్తారు కదా అన్న వాదననూ తోసిపుచ్చాడు. మొదటి మెట్టు మీదనే తటస్థుడైన న్యాయాధికారి ఉండడం పౌరుని హక్కు అన్నాడు.

ఆ పద్దు పుస్తకం రాసింది ఊరి గుమాస్తాలే. అది చివరికి ఊరి మీదే సాక్ష్యం చెప్పింది. లెక్కలు లేకపోతే వార్డ్ గోడు వంద డాలర్లు పోగొట్టుకున్న ఒకానొక ప్రయాణికుడి సణుగుడుగా మిగిలిపోయేది.

శాసనసభలు కూడా ఈ అంకెల దారినే పట్టాయి. మిస్సోరీలో కామ్డెన్ కౌంటీలోని మాక్స్ క్రీక్ అనే కుగ్రామం పేరు మీదనే 1995లో ఒక చట్టం వచ్చింది: ఊరి ఆదాయంలో ట్రాఫిక్ జరిమానాల వాటా 45 శాతం దాటరాదు, దాటినది వదులుకోవాలి. ఫెర్గూసన్ అల్లర్ల తర్వాత 2015లో ఆ హద్దును 20 శాతానికి దించారు. మాక్స్ క్రీక్ మాత్రం అంతదాకా నిలవలేదు. 2012లోనే ఊరి పాలకవర్గం రద్దయిపోయింది. ఇక డబ్బు కట్టలేనివారి సంగతి 1971లో తేలింది. హ్యూస్టన్‌లో 425 డాలర్ల ట్రాఫిక్ జరిమానాలు కట్టలేని పేదవాణ్ణి రోజుకు 5 డాలర్ల చొప్పున 85 రోజులు నిర్బంధంలో ఉంచబోతే, కేవలం పేదరికం వల్ల జరిమానాను జైలుశిక్షగా మార్చడం చెల్లదని సుప్రీం కోర్టు చెప్పింది.

ఈ చరిత్రంతా మనవాళ్ళకు ఎందుకు? కంప్యూటరు ఉద్యోగాల మీద, చదువుల మీద వెళ్ళి, సెలవుల్లో వందల మైళ్ళు కారు నడిపే తెలుగువారు ఆ పల్లె కౌంటీలకు నిఖార్సైన బాటసారులు కనుక. వర్జీనియానే తీసుకుందాం. అక్కడ గంటకు 85 మైళ్ళు దాటినా, హద్దు మీద 20 మైళ్ళు ఎక్కువైనా అది చిల్లర తప్పు కాదు. 'రెక్‌లెస్ డ్రైవింగ్' అనే నేరం. గరిష్ఠంగా 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. 70 మైళ్ళ రహదారి మీద 86లో వెళ్ళినవాడు తాను నేరారోపణకు గురయ్యానని చాలాసార్లు గ్రహించడు.

కాగితం చేతికి రాగానే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది కోర్టు పేరు. వర్జీనియాలో నగరాలు కౌంటీలలో భాగం కావు. కనుక దగ్గరి ఊరి పేరును బట్టి వెతికితే దస్త్రం దొరకకపోవచ్చు. రెండవది చట్టం సెక్షను. రాష్ట్ర చట్టం కింద రాస్తే జరిమానా 1810లో బడుల కోసం స్థాపించిన లిటరరీ ఫండ్‌కు పోతుంది. స్థానిక శాసనం కింద రాస్తే ఆ ఊరికే పోతుంది. డబ్బు ఎవరిదన్న పాత ప్రశ్న ఆ చిన్న అంకెలో దాగి ఉంది. మూడవది హాజరు తేదీ. విచారణ లేకుండా డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్లే. ఊరుకుంటే పోతుందనుకోవడం ఇంకా ప్రమాదం. 1977 నాటి అంతర్రాష్ట్ర ఒప్పందంలో చేరిన చాలా రాష్ట్రాలు, పొరుగు రాష్ట్రపు టిక్కెట్టుకు జవాబివ్వని తమవారి లైసెన్సును నిలిపివేస్తాయి. తీర్పు నచ్చకపోతే వర్జీనియాలో పది రోజుల లోపల అప్పీలు చేసి, పైకోర్టులో మొదటినుంచి విచారణ కోరవచ్చు.

ఎందుకు మొదటినుంచి? ఈ క్రింది కోర్టులు చట్టం భాషలో 'కోర్ట్ ఆఫ్ రికార్డ్' కావు. అక్కడ పలికిన మాటలను ఎవరూ అక్షరబద్ధం చేయరు. మిగిలేది కేసు నంబరు, నేరం, తీర్పు, జరిమానా, తేదీ. ఆ నాలుగు పంక్తులే దస్త్రం. కొన్ని రాష్ట్రాల్లో అవి అంతర్జాలంలో కనిపిస్తాయి. చాలా పల్లె కౌంటీలలో ఇప్పటికీ క్లర్కుకు ఫోను చేయాలి, ఉత్తరం రాయాలి, లేదా స్వయంగా వెళ్ళాలి. తెలుగువాడికి ఇంకొక తంటా ఇంటిపేరు. మనం ముందు రాసుకునే ఇంటిపేరు వారి పుస్తకంలో ఒకసారి చివరికీ, ఒకసారి మధ్యకూ పోతుంది. పేరును అటూ ఇటూ మార్చి అడగవలసిందే.

నా మిత్రుడొకడు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునేటప్పుడు పదకొండేళ్ళ నాటి ఇలాంటి కేసు ముగింపు పత్రం కోసం వెతుక్కున్నాడు. తోడుగా నేనూ వెళ్ళాను. కౌంటీ కోర్టు గుమాస్తా, పెద్దావిడ, ఓపికగా నాలుగు రకాల పేర్లతో వెతికింది. వర్జీనియాలో ఇలాంటి దస్త్రాలను పదేళ్ళు ఉంచి తీసివేస్తారు. ఆ కేసు లేదు. చివరికి 'నియమానుసారం దస్త్రం తొలగింపబడినది' అని కోర్టు ముద్రతో ఒక ఉత్తరం ఇచ్చింది. దస్త్రం లేదని చెప్పే దస్త్రం! మా వాడు దాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్నాడు. ఆ క్షణంలో మన్రోవిల్ పద్దు పుస్తకం నాకు గుర్తుకొచ్చింది.

ఊరివాడికి ఓటుంది, బంధుబలగం ఉంది, పేరు పెట్టి పిలిచే న్యాయాధికారి ఉన్నాడు. బాటసారికి ఇవేవీ లేవు. ఉన్నది కాగితం ఒక్కటే. జరిమానా కట్టిన రోజున రసీదుతో తృప్తిపడక, కేసు ముగిసినట్లు కోర్టు ముద్ర ఉన్న ప్రతిని అడిగి తీసుకోండి. అక్కడి కోర్టు దాన్ని పదేళ్ళకు మరచిపోవచ్చు. పదకొండో ఏట అడిగేవారు వేరొకచోట ఉంటారు.