సైనిక రక్షణ కళ్లద్దాలు

పేలుడు తునకలు, ఇసుక, దుమ్ము, ఎండ తీవ్రత, లేజర్ కాంతి నుంచి సైనికుల కళ్లను కాపాడేందుకు తయారై, సైన్యం పరీక్షించి ఆమోదించిన కళ్లజోళ్లు, గాగుల్స్, హెల్మెట్ వైజర్లను సైనిక రక్షణ కళ్లద్దాలు అంటారు. శరీరం ముందుభాగంలో కళ్ల విస్తీర్ణం ఒక శాతం కూడా ఉండదు. అయినా యుద్ధ గాయాల్లో కంటి గాయాల వాటా క్రిమియా యుద్ధంలో (1853–56) 1 శాతం లోపు ఉండగా, 1991 గల్ఫ్ యుద్ధం నాటికి 13 శాతం దాకా పెరిగింది. తుపాకి గుండ్ల కంటే షెల్లు, గ్రెనేడ్లు, మందుపాతరలు వెదజల్లే సన్నని తునకలే ఇందుకు ప్రధాన కారణం. ఒంటికి తగిలితే చర్మంలో ఆగిపోయే నలుసంత తునక, కంటికి తగిలితే చూపు తీసేస్తుంది.

తొలి దశ

ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు దంతం, ఎముక, కొయ్యలతో సన్నని చీలిక ఉన్న మంచు అద్దాలు చేసుకున్నారు. మధ్యయుగపు ఐరోపా యోధుల శిరస్త్రాణాల్లోనూ చూపుకు అలాంటి చీలికే ఉండేది. ఆ తర్వాత కొన్ని శతాబ్దాల పాటు చెప్పుకోదగ్గ మార్పు లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సేన క్లోరిన్ వాయువును వదిలింది. నాలుగు రోజుల తర్వాత భారత సైనికులున్న లాహోర్ డివిజన్ అక్కడ ఎదురుదాడికి దిగి ఆ విషవాయువుకు గురైంది. అప్పటికి వాళ్లకు సరైన ముసుగులు లేవు. తర్వాత వచ్చిన ముసుగులకు అభ్రకం, సెల్యులాయిడ్, గాజుతో చూపు కిటికీలు అమర్చారు. 1917 జులైలో మస్టర్డ్ వాయువు రంగంలోకి దిగి వేల మంది సైనికులకు తాత్కాలికంగా చూపు లేకుండా చేసింది. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఎద్వార్ బెనెదిక్తుస్ 1909లో పేటెంటు పొందిన, రెండు గాజు పలకల నడుమ సెల్యులాయిడ్ పొర ఉంచిన గాజు, పగిలినా ముక్కలు ఎగరనిది కావడంతో గ్యాస్ ముసుగులకు బాగా పనికొచ్చింది.

బ్రిటిష్ నేత్రవైద్యుడు సర్ రిచర్డ్ క్రూయిజ్ హెల్మెట్ అంచు నుంచి కళ్ల మీదికి వేలాడే ఇనుప గొలుసుల తెర రూపొందించాడు. ఆలోచన మంచిదే గానీ, తెర కళ్ల ముందు ఊగుతుంటే తల తిరుగుతోందని సైనికులు పక్కన పెట్టేశారు. 1916 సెప్టెంబరు 15న తొలిసారి యుద్ధానికి దిగిన ట్యాంకుల్లో మరో చిక్కు వచ్చింది. గుండ్లు బయట తగిలినప్పుడు లోపల లోహపు రవ్వలు చిమ్మేవి. అందుకే ట్యాంకు సిబ్బందికి తోలు అతికిన లోహపు ముసుగు ఇచ్చారు. దానికి కళ్ల దగ్గర సన్నని చీలికలు, గడ్డం కింద ఇనుప గొలుసుల జాలరు ఉండేవి.

విమానాలు, పెర్‌స్పెక్స్

రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్ గాగుల్స్, ధ్రువీకృత కాంతి కటకాలు విస్తరించాయి. 1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన పోరులో విమానాల పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్ పైకప్పులు పగిలి, ఆ ముక్కలు కొందరు పైలట్ల కళ్లలో దిగబడ్డాయి. గాజు ముక్కలు కంట్లో వాపు తెస్తుండగా ఈ ప్లాస్టిక్ ముక్కలను కన్ను ఓర్చుకోవడాన్ని బ్రిటిష్ నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ నిశితంగా గమనించాడు. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో అదే జాతి ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ కటకాన్ని రోగి కంట్లో అమర్చాడు. యుద్ధ గాయం నుంచి వైద్యశాస్త్రం నేర్చుకున్న ఈ పాఠమే నేడు పల్లెల్లో జరిగే శుక్లాల ఆపరేషన్లకు ఆధారం.

పాలీకార్బనేట్, ఆమోదిత జాబితా

1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ విడివిడిగా పాలీకార్బనేట్ తయారు చేశారు. తేలికగా ఉండి, దెబ్బకు ముక్కలవ్వని ఈ పదార్థమే ఆధునిక సైనిక అద్దానికి మూలం. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కాలంలో అమెరికా సైన్యం ఆమోదిత రక్షణ కళ్లద్దాల జాబితా, అంటే ‘ఏపెల్’, నిర్వహించడం మొదలుపెట్టింది. ఈ జాబితాలో చేరాలంటే కళ్లజోడు మీద .15 క్యాలిబర్ తునకను సెకనుకు సుమారు 195–201 మీటర్ల వేగంతో పేల్చి చూస్తారు. అద్దం వెనుక పలుచని అల్యూమినియం రేకు ఉంచుతారు. ఆ రేకుకు చిల్లు పడితే అద్దం పరీక్ష తప్పినట్టే. అమెరికా కర్మాగారాల ప్రమాణమైన జెడ్87.1 పరీక్షలో ఉక్కు గోళీ వేగం సెకనుకు 46 మీటర్లే. సైనిక పరీక్ష తీవ్రత దీన్నిబట్టే తెలుస్తుంది.

కళ్లు పోగొట్టేందుకే తయారయ్యే లేజర్ ఆయుధాలను 1995 అక్టోబరులో వియన్నాలో ఆమోదించిన ఒప్పందం నిషేధించింది. భారత్ కూడా అందులో భాగస్వామి. గురి చూసే లేజర్లు మాత్రం మిగిలాయి గనుక నిర్దిష్ట తరంగదైర్ఘ్యాలను అడ్డుకునే అద్దాల అవసరం తీరలేదు.

భారత్, తెలంగాణ

1984 నుంచి సియాచిన్‌లో కాపలా కాస్తున్న భారత సైనికులకు మంచు మీద తిరిగి పడే అతినీలలోహిత కిరణాలు పెద్ద ముప్పు. నల్ల అద్దాలు లేకుంటే కొన్ని గంటల్లోనే మంచు గుడ్డితనం వస్తుంది. మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తయారు చేసే పోరాట వాహనాల్లో సిబ్బంది పెరిస్కోపుల ద్వారా బయటికి చూస్తారు. 1916 నాటి చీలికలకు ఇది మెరుగైన వారసత్వం. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో శిక్షణ పొందే పైలట్లకు హెల్మెట్ వైజరే కళ్లకు కవచం.

పౌర జీవితంలో ఈ రక్షణకు 2025 దాకా చట్టపరమైన అండగా ఉన్నది 1948 కర్మాగారాల చట్టంలోని 35వ సెక్షన్. నలుసులు ఎగిరే, కాంతి తీవ్రంగా ఉండే పనుల్లో తెరలు లేదా తగిన గాగుల్స్ సమకూర్చేలా నిబంధనలు చేసే అధికారాన్ని ఇది రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కంటి రక్షణ సాధనాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 5983. జనగామ వెల్డింగ్ షాపుల్లో గ్రైండింగ్ చక్రం చిమ్మే ఇనుప రజను గానీ, భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఎగిరే పెళ్ల గానీ కంటికి చేసే హాని సైనికుడికి తునక చేసే హాని లాంటిదే. ఈ జిల్లాలకు దగ్గరలోని ప్రభుత్వ ప్రత్యేక నేత్ర వైద్యశాల వరంగల్‌లో ఉంది. గాయమైనప్పుడు కన్ను నలపకుండా, దిగబడిన తునకను లాగకుండా అక్కడికి చేరడం ముఖ్యం. అద్దం దెబ్బతిన్నా, గీతలు పడి చూపు మసకబారినా వెంటనే మార్చాలి. మసక అద్దాన్ని మనిషి నుదుటి మీదికి తోసేస్తాడు. అక్కడ ఉన్న అద్దం ఏ కన్నునూ కాపాడలేదు.