దాచే సంకేతం, కాచే సంకేతం



ఇద్దరు ముందుగా అంగీకరించిన నియమాన్ని అనుసరించి ఒక అర్థాన్ని మరొక రూపంలో నిలపడమే సంకేతం. నియమం తెలిసినవాడు ఆ రూపం నుండి అర్థాన్ని తిరిగి గ్రహిస్తాడు. తెలియనివానికి అది శబ్దమాత్రమే. నేడు చరవాణిలో మనం పంపే మాట, చిత్రం, ధనం సమస్తం ఈ పద్ధతిలోనే ప్రయాణిస్తున్నాయి. మన వాఙ్మయంలో ఈ విద్యకు సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో సంకేతానికి మూడు ప్రయోజనాలు కనిపిస్తాయి: రహస్యాన్ని దాచడం, విస్తృతమైనదానిని సంక్షేపించడం, పవిత్రమైనదానిని చెడకుండా కాచడం.

మొదటి ప్రయోజనానికి మహాభారతం ఆదిపర్వంలోని జతుగృహ ఘట్టమే నిదర్శనం. పాండవులు వారణావతానికి బయలుదేరిన వేళ విదురుడు ధర్మరాజుతో ఇతరులకు అవగతం కాని రీతిలో సంభాషించాడు. లోహంతో చేయని తీక్ష్ణశస్త్రం ఒకటి ఉన్నదనీ, అడవిని దహించేది బిలంలో ఉన్న ప్రాణిని ఏమీ చేయలేదనీ సూచించాడు. తనకు తెలిసినదని ధర్మరాజు బదులు పలికాడు. ఆ మాటల భావమేమని కుంతీదేవి అడిగినపుడు, అగ్నిభయం ఉన్నదని వివరించాడు. అనంతరం విదురుడు పంపిన ఖనకుడు వచ్చాడు. అతడు మిత్రుడో శత్రువో తెలిసేదెట్లా? విదురుడు మ్లేచ్ఛవాక్కులో పలికిన సంగతిని, దానికి ధర్మరాజు ఇచ్చిన సమాధానాన్ని ఖనకుడు గుర్తు చేశాడు. అదే విశ్వాసకారణమైంది. ధనం పంపేముందు మనల్ని ఓటీపీ అడగడంలోని అంతరార్థం కూడా ఇదే: సందేశం ఎంత ముఖ్యమో, దానిని తెచ్చినవాని ప్రామాణ్యం అంత ముఖ్యం.

కౌటిల్యుని అర్థశాస్త్రం గూఢచారుల వార్తలను సంజ్ఞాలిపి ద్వారా చేరవేయాలని విధించింది. వాత్స్యాయనుడు పేర్కొన్న చతుఃషష్టి కళలలో మ్లేచ్ఛితవికల్పం ఒకటి. ఒక అక్షరం స్థానంలో మరొక అక్షరాన్ని నిలిపే పద్ధతులను యశోధరుడు తన జయమంగళా వ్యాఖ్యలో వివరించాడు. అయితే ఇట్టి గూఢలేఖనం నియమం బయటపడిన క్షణాన నిష్ఫలమవుతుంది.

రెండవ ప్రయోజనమైన సంక్షేపానికి నియమం బహిరంగంగా ఉండడమే బలం. కటపయాది పద్ధతిని చూడండి. క నుండి ఝ వరకు 1 నుండి 9, ఞ సున్న. ట నుండి ధ వరకు మరల 1 నుండి 9, న సున్న. ప నుండి మ వరకు 1 నుండి 5. య ర ల వ శ ష స హ లకు 1 నుండి 8. హల్లు లేని అచ్చుకు సున్న. సంయుక్తాక్షరంలో చివరి హల్లుకే విలువ. ఒకట్ల స్థానం ముందు వస్తుంది గనుక వచ్చిన అంకెలను కుడి నుండి ఎడమకు చదవాలి.

మహాభారతానికి ‘జయ’ అని పేరు. జ అనగా 8, య అనగా 1. వెనుక నుండి చదివితే 18. పర్వాలు 18, యుద్ధదినాలు 18, అక్షౌహిణులు 18, గీతాధ్యాయాలు 18. గురువాయూరు సన్నిధిలో మేల్పత్తూరు నారాయణ భట్టతిరి నూరు దశకాల నారాయణీయాన్ని ‘ఆయురారోగ్యసౌఖ్యమ్’ అనే పదంతో ముగించాడు. ఆ అక్షరాల విలువలు వరుసగా 0, 1, 2, 2, 1, 7, 1. తిరగవేస్తే 17,12,210. కలియుగారంభం నుండి గ్రంథసమాప్తి వరకు గడచిన దినాల సంఖ్య అది. సామాన్య శకంలో 1586వ సంవత్సరం. భక్తుని ప్రార్థనయే గ్రంథరచనా కాలమై నిలిచింది. కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్తల నామాలలోనూ ఇదే సూత్రం ఉన్నది. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2. కనుక అది 29వ మేళం. మాయామాళవగౌళలో మా 5, యా 1. అది 15వది.

భూతసంఖ్యా పద్ధతిలో అక్షరాలకు బదులు పదార్థాలే అంకెలు. నేత్రాలు 2, వేదాలు 4, బాణాలు 5, వసువులు 8. మన తెలుగునేలపై లభించిన శాసనాలలో దీనికి ఉదాహరణలున్నాయి. రాజరాజనరేంద్రుని కోరుమిల్లి తామ్రశాసనం ఆయన పట్టాభిషేక సంవత్సరాన్ని వేద, అంబురాశి, నిధి శబ్దాలతో తెలిపింది. 4, 4, 9 తిరగవేస్తే శకవర్షం 944, అనగా క్రీ.శ. 1022. రాగిరేకుపై అంకె ఒక్క గీత అరిగినా మరొక అంకెగా మారవచ్చు. శ్లోకంలో ఇమిడిన పదం మారితే ఛందస్సు తప్పి దోషం బయటపడే అవకాశం ఉన్నది.

ఛందస్సు ప్రస్తావన వచ్చింది గనుక పింగళాచార్యుని స్మరించాలి. లఘువు, గురువు అనే రెండే చిహ్నాలతో ఏర్పడే సమస్త రూపాలను క్రమంగా నిలపడం ప్రస్తారం. సంఖ్య నుండి రూపాన్ని రాబట్టడం నష్టం. రూపం నుండి సంఖ్యను రాబట్టడం ఉద్దిష్టం. నష్టవిధి సులభం. సంఖ్య సరి అయితే లఘువు ఉంచి సగం చేయాలి. బేసి అయితే గురువు ఉంచి, ఒకటి కలిపి సగం చేయాలి. మూడక్షరాల ప్రస్తారంలో ఆరవ రూపమేది? 6 సరి, లఘువు, సగం 3. అది బేసి, గురువు. ఒకటి కలిపి సగం చేస్తే 2. అది సరి, లఘువు. లఘువు, గురువు, లఘువు: అనగా జగణం. మన పద్యవిద్యార్థులు కంఠస్థం చేసే ఎనిమిది గణాలు ఈ ప్రస్తారంలోని ఎనిమిది వరుసలే.

ఇక మూడవది, అన్నింటికన్న గరిష్ఠమైనది, వేదరక్షణ. సంహిత, పద, క్రమ పాఠాలపై జట మొదలు ఘన వరకు ఎనిమిది వికృతులను ఋషిపరంపర ఏర్పరచింది. పదాలను సంఖ్యలుగా భావిస్తే జట 1-2, 2-1, 1-2. ఘన 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3. ఆ విధంగా ముందుకు సాగుతూ పోతే మధ్యనున్న ప్రతి పదం 13 పర్యాయాలు వినిపిస్తుంది. క్రమం తిరిగినపుడు సంధి మారుతుంది, స్వరం మారుతుంది. ఒకచోట దొర్లిన దోషం మరొకచోట పొసగదు. దీనికి తోడు కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేదంలోని ప్రతి సూక్తానికి ఋక్కుల సంఖ్యను, ఋషిని, దేవతను, ఛందస్సును నమోదు చేసింది. ఇక్కడ సంకేతం దాచదు, కాస్తుంది. 1950లో రిచర్డ్ హామింగ్ అనే గణితజ్ఞుడు, యంత్రాల మధ్య సాగే సందేశాలలో దోషాన్ని సందేశమే పట్టించి సవరించుకునే పద్ధతిని ప్రకటించాడు. ఆయన వేదపాఠం విని నేర్చుకున్నాడని చెప్పడం సత్యం కాదు. కాపాడదలచిన దానికి అదనపు సాక్ష్యాన్ని జోడించాలన్న సూత్రాన్ని ఇరువురూ స్వతంత్రంగా కనుగొన్నారు. మనకు అంతటి గౌరవం చాలు.

ఈ విషయంలో ఆస్తికులకు ఒక విన్నపం. ‘గోపీభాగ్య’ అని ఆరంభమయ్యే శ్లోకంలో వృత్తపరిధికి సంబంధించిన పై విలువ ఉన్నదనీ, అది వేదంలోనిదనీ చరవాణిలో సందేశాలు తిరుగుతుంటాయి. విలువ ఉన్న మాట నిజం. గో 3, పీ 1, భా 4, గ్య 1. కాని ఆ శ్లోకం వేదసంహితలలోనిది కాదు. పూరీ శంకరాచార్యులు భారతీకృష్ణతీర్థులవారి వేదగణిత గ్రంథం, 1965లో ముద్రితమైనది, దానిని ప్రసిద్ధం చేసింది. పైగా అందులో అంకెలు ఎడమ నుండి కుడికి వస్తాయి. కటపయాదికి సంప్రదాయసిద్ధమైన క్రమం అది కాదు. రచనాచాతుర్యం ప్రశంసనీయమే. దానిని శ్రుతి అని పిలవడం మాత్రం శ్రుతికే అపచారం. నియమాన్ని ముందు నిర్ణయించి సందేశాన్ని విప్పాలి. మనకు కావలసిన అర్థాన్ని ముందు నిర్ణయించి దానికి తగిన నియమాన్ని వెదికితే ఏ వాక్యంలోనైనా ఏదైనా కనిపిస్తుంది. సత్యం కోసం ఘనపాఠాన్ని నిర్మించిన పరంపరకు వారసులమైన మనం దోషాన్ని వ్యాపింపజేయరాదు.

2003లో యునెస్కో వేదపారాయణ సంప్రదాయాన్ని మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది. అది సంతోషకరమే. అయితే ముద్రితగ్రంథం తనలోని తప్పును తాను ఎరుగదు. ధ్వనిముద్రిక ప్రక్కనున్నవాని అపస్వరాన్ని సరిదిద్దదు. వింటూనే దోషాన్ని పట్టుకొని, శిష్యుణ్ణి ఆపి, మరల చెప్పించేవాడు ఘనపాఠి. ఆయన కంఠమే ఆ సంకేతానికి తాళపుచెవి. మీ సమీపంలోని వేదపాఠశాలలో ఒక విద్యార్థి అధ్యయనానికి తోడ్పడండి. వీలైతే ఒక్క సూక్తమైనా గురుముఖతః సస్వరంగా నేర్చుకోండి. విప్పగలవాడు ఉన్నంతకాలమే సంకేతం సజీవం.

స్వస్తి.