ఫ్రిజ్‌లో బూజు, డబ్బాలో బీవరు

ఆసుపత్రి మందుల గదిలో ముప్పై ఏళ్లు పనిచేశాను. కరెంటు పోయిందంటే ముందు చూసుకునేది ఫ్రిజ్‌నే. గోధుమరంగు ఆంపూల్స్‌లో మిథైల్ ఎర్గోమెట్రిన్ అందులోనే ఉండేది, ఒక్కోదాంట్లో 0.2 మిల్లీగ్రాములు. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే గర్భసంచిని బిగించే మందు. వెలుతురూ పడదు, వేడీ పడదు. దీని పుట్టుక బూజులోంచి అంటే సిస్టరమ్మలు నమ్మేవారు కాదు.

ఆ బూజు ఎర్గాట్. ఐరోపాలో రై పంటకు పట్టి, గింజ ఉండాల్సిన చోట నల్లటి కొమ్ములా పొడుచుకొచ్చేది. పిండిలో కలిసిందా, తిన్నవాళ్ల కాళ్లూ చేతులూ మంటలెత్తి, నల్లబడి, ఊడిపోయేవి. మన సజ్జ కంకి మీద తేనెబంక కార్చే తెగులు దీని చుట్టమే. విత్తనాలు ఉప్పునీళ్లలో పోస్తే ఆ గింజలు పైకి తేలతాయి, తీసి పారేస్తారు.

ఐరోపా మంత్రసానులు మాత్రం దాన్ని పారేయలేదు, నొప్పులు రావడానికి ఇచ్చారు. 1808లో న్యూయార్క్ రాష్ట్రపు వైద్యుడు జాన్ స్టెర్న్స్ దాన్ని మెచ్చుకుంటూ రాశాడు. దానివల్ల పిల్లలు చచ్చి పుట్టడం చూసిన మరో వైద్యుడు డేవిడ్ హోసాక్, కాన్పు తర్వాత రక్తస్రావానికే వాడమని 1824లో హెచ్చరించాడు. 1935లో లండన్‌లో పరిశోధకులు డడ్లీ, మొయిర్ అందులోంచి ఎర్గోమెట్రిన్‌ను విడదీశారు. నా ఫ్రిజ్‌లోకి మిథైల్ ఎర్గోమెట్రిన్ వచ్చింది ఆ దారినే.

ఎర్గాట్ ఉండే పాత మందుల కొట్లలోనే కాస్టోరియం కూడా ఉండేది. ఏట్లో ఆనకట్టలు కట్టుకుని బతికే ఎలుక జాతి జంతువు బీవరు. దాని తోక మొదట్లోని రెండు సంచుల సరుకు ఇది. యునానీలో జుంద్‌బేదస్తర్ అంటారు. పాతబస్తీలో ఒక మూలికల కొట్టాయన డబ్బా మూత తీసి చూపించాడు: ముడతలు పడ్డ ఎండు అత్తిపండులా ఉంది, తోలు వాసన. అసలుదో కాదో దేవుడికెరుక. ఈ సంచులే వృషణాలనుకుని, వేటగాడు తరిమితే బీవరు వాటిని తనే కొరికి పారేసి తప్పించుకుంటుందని పూర్వం నమ్మేవారు. ఆ సంచులు ఆడదానికీ ఉంటాయి!

ఈ సంచుల కోసం, టోపీలకు బొచ్చు కోసం, మాంసం కోసం చంపగా చంపగా 1900 నాటికి ఐరోపా, ఆసియాల్లో కలిపి మిగిలినవి సుమారు 1,200. నార్వే 1845లోనే వేట ఆపింది గనక 1922లో స్వీడన్ అక్కణ్ణుంచి బీవర్లను తెచ్చుకోగలిగింది. ఇప్పుడు ఐరోపాలో బాగా పెరిగాయి గానీ, చైనా, మంగోలియా సరిహద్దులోని ఉపజాతి ఇంకా వందల్లోనే ఉంది.

మిథైల్ ఎర్గోమెట్రిన్ ఇండెంట్లు లెక్కలేనన్ని రాశాను. కాస్టోరియం కావాలని ఏ వార్డు నుంచీ ఒక్క చీటీ రాలేదు.