రాజీనామా అనే మాట

పనిలోంచి తీసేయడానికి యాజమాన్యాలు వాడే మాటకూ ఒక చరిత్ర ఉంది. 1934లో నిజాం పాలనలో మొదలైన వరంగల్ ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. అప్పటికే ప్రభుత్వరంగమంతటా వ్యాపించిన మాట ‘స్వచ్ఛంద పదవీ విరమణ’. మిల్లు ఆగిపోయాక మిగిలిన స్వేచ్ఛ ఏపాటిదో కార్మికుడికి తెలుసు.

అంతకు నాలుగేళ్ళ ముందే, 1998లో, హైదరాబాదు శివారు మాదాపూర్ బండల మధ్య సైబర్ టవర్స్ వెలిసింది. అక్కడ చేరినవాడు తనను కార్మికుడని అనుకోలేదు. ‘ప్రొఫెషనల్’ అన్నారు, నమ్మాడు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు దొంగలెక్కలు రాశామని ఒప్పుకున్నాడు. సుమారు 50 వేలమంది బతుకులు ఒక్క ఉత్తరంతో ఊగిసలాడాయి. అయినా ఆ నమ్మకం చెదరలేదు.

2017లో నగరంలోని కొందరు ఐటీ ఉద్యోగులు తమచేత బలవంతంగా రాజీనామా రాయించుకుంటున్నారని కార్మికశాఖ తలుపు తట్టారు. తొలగింపు ఉత్తర్వే ఇవ్వవచ్చు కదా, రాజీనామా ఎందుకు? అప్పుడు అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, ఏడాది పనిచేసిన కార్మికుణ్ణి తొలగిస్తే నెల నోటీసు గాని నెల జీతం గాని, సర్వీసులో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. తానే రాసి ఇచ్చినవాడికి అవేవీ లేవు. ఆపైన, ఇతడసలు చట్టం చెప్పే ‘కార్మికుడే’నా అన్న పేచీ ఒకటి. ఆనాడు మురిపించిన పేరే ఈనాడు అడ్డం తిరిగింది.

మన కథల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎక్కువగా తల్లిదండ్రుల్ని మరిచిన కొడుకే. ఆ కాగితం మీద సంతకం పెట్టి, మెడలోని గుర్తింపుకార్డు తీసి ఇచ్చి గేటు దాటినవాణ్ణి నేను చదివిన కథల్లో చాలా అరుదుగా చూశాను.