తియూనస్ తైరాకుల తారీఖ్

2007లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ అక్వాటిక్స్ ఛాంపియన్‌షిప్స్ పతకాల పట్టిక తీసి ట్యునీషియా పేరు వెతకండి. దొరకదు. కానీ ఆ మార్చి నెలలో ఆ దేశపు కుర్రాడొకడు 800 మీటర్ల ఫ్రీస్టైల్‌లో అందరికన్నా ముందు గోడ తాకాడు. 400 మీటర్లలో రెండోవాడిగా వచ్చాడు. బంగారం ఒకటి, వెండి ఒకటి. ఆరు నెలలు తిరక్కముందే ఒక ఫైసలా వచ్చి రెండింటినీ తుడిచేసింది.

ఉర్దూ అఖ్బార్లలో ఆ దేశాన్ని తియూనస్ అంటారు. లిబియాకీ అల్జీరియాకీ మధ్య ఇరికిన చిన్న ముల్క్. జనాభా ఇంచుమించు కోటీ ఇరవై లక్షలు, మన హైదరాబాదును చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి లెక్కేస్తే దాదాపు అంతే. 1956 మార్చి దాకా ఫ్రెంచివాళ్ళ హుకూమత్‌లో ఉంది. ఆ హుకూమత్ వదిలిపోయిన వాటిల్లో పేర్ల గందరగోళం ఒకటి. వాళ్ళ పేర్లను ఫ్రెంచి వరసలో రాస్తారు, మనం ఇంగ్లీషు వరసలో చదువుతాం. అందుకే మన పేపర్లలో ‘హఫ్నౌయి’, ‘జౌఆది’ అని చదవడానికే నోరు తిరగని మాటలు కనిపిస్తాయి. అరబీ లిపిలో చూస్తే అవి హఫ్నావీ, జవాదీ. మన మొహల్లాలో ఎవరైనా తడబడకుండా పలుకుతారు. నేనిక్కడ అలాగే రాస్తాను.

ఈ ప్రపంచ పోటీలు 1973లో బెల్‌గ్రేడ్‌లో మొదలయ్యాయి. ట్యునీషియాకు మొదటి పతకం రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. 2003 నుంచి 2025 సింగపూర్ దాకా పెద్ద కొలను పోటీల్లో వాళ్ళ ఖాతాలో నిలిచినవి 13 పతకాలు: బంగారం ఆరు, వెండి మూడు, కాంస్యం నాలుగు. (చిన్న కొలను పోటీల లెక్క వేరు, దాన్ని ఇందులో కలపడం లేదు.) ఈ పట్టికలో మన హిందూస్తాన్ ఖాతాలో ఇంతవరకు ఒక్కటీ లేదు, కాబట్టి చిన్న దేశం అని తేలిగ్గా తీసుకునే హక్కు మనకు లేదు.

అయితే ఆ పదమూడూ తెచ్చింది జట్టు కాదు. ముగ్గురు మనుషులు. ఉసామా మల్లూలీ, అహ్మద్ హఫ్నావీ, అహ్మద్ జవాదీ. ఒకరి తర్వాత ఒకరు, ఒంటరిగా.

మల్లూలీ 1984లో తూనిస్ పక్కన సముద్రం ఒడ్డునున్న లా మర్సాలో పుట్టాడు. పదిహేనేళ్ళకే ఇల్లు వదిలి ఫ్రాన్స్ వెళ్ళాడు. పదహారేళ్ళకు సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈదాడు. ఆ తర్వాత అమెరికా వెళ్ళి, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ ఇంజనీరింగ్ చదువుతూ అక్కడే తర్ఫీదు పొందాడు. 2003 బార్సిలోనాలో 400 మీటర్ల మెడ్లీలో ఫెల్ప్స్, హంగరీ తైరాక్ లాస్లో చెహ్‌ల వెనక మూడోవాడిగా వచ్చాడు. ట్యునీషియా మొదటి పతకం అదే. 2005 మాంట్రియల్‌లో మరో రెండు కాంస్యాలు.

ఇక 2006 నవంబరు. అమెరికాలోనే ఒక పోటీలో తీసిన శాంపిల్‌లో యాంఫెటమిన్ దొరికింది. అతను దాచలేదు. కాలేజీలో రాయాల్సిన పేపరు గడువు దగ్గర పడింది, రాత్రి మేలుకోవడానికి ఒక మాత్ర వేసుకున్నానని ఒప్పుకున్నాడు. ఆడరాల్ అనే ఆ మాత్ర అక్కడ ఏకాగ్రత కుదరని పిల్లలకు డాక్టర్లు రాసిచ్చే మందు. పరీక్షల రోజుల్లో విద్యార్థుల మధ్య చేతులు మారుతూ ఉంటుంది. ట్యునీషియా ఈత సమాఖ్య అతన్ని మందలించి వదిలేసింది. అందుకే అతను మెల్‌బోర్న్‌లో దిగగలిగాడు. అంతర్జాతీయ సమాఖ్య ఫీనా ఆ మందలింపు చాలదని లోజాన్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్ళింది. 2007 సెప్టెంబరులో ఫైసలా: పద్దెనిమిది నెలల నిషేధం, 2006 నవంబరు 30 నుంచి లెక్క. ఆ తేదీ తర్వాత గెలిచినవన్నీ రద్దు. మెల్‌బోర్న్ 800 మీటర్ల బంగారం పోలండ్ తైరాక్‌కు పోయింది.

ఇలాంటి ఖబర్ రాగానే మనలో ‘సాజిష్’ అనే మాట ముందు నోట్లోకి వస్తుంది. ముస్లిం దేశపు కుర్రాడు కదా, పైకి రానివ్వలేదు అని. నేను ఆ మాట అనను. మాత్ర వేసుకున్నది అతనే, ఒప్పుకున్నదీ అతనే. పోటీల సమయంలో ఆ పదార్థం ఒంట్లో ఉండకూడదన్న కానూన్ అందరికీ ఒకటే. సొంత సమాఖ్య మమకారంతో చూసీచూడనట్టు పోవడమే అతనికి ఎక్కువ నష్టం చేసిందని నా రాయ్. అప్పుడే నికరంగా శిక్ష వేసి ఉంటే మెల్‌బోర్న్‌లో దిగేవాడే కాడు, మెడలో పడిన బంగారం మళ్ళీ తీసి ఇవ్వాల్సిన జిల్లత్ తప్పేది. ఇన్సాఫ్ మనవాళ్ళ మీద కూడా నడిస్తేనే ఇన్సాఫ్. అతను గడువు పూర్తి చేసి తిరిగి వచ్చాడు. నాకు అతని మీద ఇజ్జత్ పెరిగింది అక్కడ.

నిషేధం 2008 మే చివర ముగిసింది. ఆగస్టు 17న బీజింగ్‌లో 1500 మీటర్ల ఒలింపిక్ ఫైనల్. వరసగా మూడో బంగారం కోసం దిగిన ఆస్ట్రేలియా మహావీరుడు గ్రాంట్ హ్యాకెట్‌ను 0.69 సెకండ్ల తేడాతో ఓడించాడు. 1968 మెక్సికోలో పరుగుల వీరుడు మహమ్మద్ గమ్మూదీ తర్వాత ఆ దేశానికి ఒలింపిక్ బంగారం అదే, నలభై ఏళ్ళకు.

మరుసటి ఏడు రోమ్ ప్రపంచ పోటీల్లో 1500 మీటర్లు 14 నిమిషాల 37.28 సెకండ్లలో ఈది, రికార్డుల్లో నిలిచిన మొదటి ప్రపంచ బంగారం తెచ్చాడు. 400, 800 మీటర్లలో వెండి. అది మెరిసే పాలీయురెథేన్ సూట్ల జమానా, రికార్డులు రోజూ కూలేవి. 2010 నుంచి ఆ సూట్లు ఆపేశారు.

వయసు పైబడుతున్న తైరాక్ కొలనులో కుర్రాళ్ళతో పోటీ పడలేక మెల్లగా తప్పుకోవడం మామూలు. మల్లూలీ కొలను వదిలి బయటి నీళ్ళలోకి వెళ్ళాడు. 2012 లండన్‌లో 1500 మీటర్లలో కాంస్యం తెచ్చి, కొద్ది రోజులకే హైడ్ పార్క్ చెరువులో పది కిలోమీటర్లు ఈది బంగారం గెలిచాడు. ఒకే ఒలింపిక్స్‌లో కొలనులోనూ బయటి నీటిలోనూ పతకాలు సాధించినవాడు అంతకుముందు లేడు. (ఆ ఏడు లండన్ పోటీలు జరిగింది రమజాన్ నెలలోనే. ఎవరు రోజా ఉన్నారు, ఎవరు లేరన్నది వాళ్ళకూ అల్లాహ్‌కూ మధ్య సంగతి. నేను ఆ జోలికి పోను.) 2013లో ప్రపంచ పోటీలు మళ్ళీ బార్సిలోనాకే వచ్చాయి. పందొమ్మిదేళ్ళప్పుడు కాంస్యం అందుకున్న ఊళ్ళో, ఇరవై తొమ్మిదేళ్ళ మల్లూలీ రేవు నీళ్ళలో ఐదు కిలోమీటర్లు 53 నిమిషాల 30.4 సెకండ్లలో ఈదాడు. రెండోవాడు 1.2 సెకండ్లు వెనక. పది కిలోమీటర్లలో కాంస్యం.

ఆ తర్వాత పదేళ్ళు ఏమీ లేదు.

ఒక మనిషి మీద నిలబడ్డ లెక్క ఇలాగే ఉంటుంది. అమెరికా తైరాక్ ఒకడు తప్పుకుంటే వెనక ఇరవైమంది వరసలో ఉంటారు. ట్యునీషియాలో మల్లూలీ ఖాళీ చేసిన లైన్లోకి రావడానికి ఒక పిల్లాడు పుట్టి పెరగాల్సి వచ్చింది. ఆ పిల్లాడు హఫ్నావీ. 2002లో ఫాస్ఫేట్ గనుల ఊరు మెత్లావీలో పుట్టాడు. వాలిద్ సాహెబ్ దేశం తరఫున బాస్కెట్‌బాల్ ఆడినవాడు. 2021 టోక్యోలో 400 మీటర్ల ఫైనల్‌కు ఎనిమిదోవాడిగా, చివరివాడిగా గట్టెక్కి, అంచునున్న ఎనిమిదో లైన్లో ఈది బంగారం పట్టుకుపోయాడు.

కానీ అతని అసలు కమాల్ చూడాలంటే 2023 ఫుకువోకా చూడాలి. 400 మీటర్లలో ఆస్ట్రేలియా తైరాక్ సామ్ షార్ట్ 3 నిమిషాల 40.68, హఫ్నావీ 3 నిమిషాల 40.70. తేడా సెకండులో వందోవంతులు రెండు. ఓడాడు. మూడు రోజుల తర్వాత 800 మీటర్లలో అదే షార్ట్‌ను 7 నిమిషాల 37.00తో దాటాడు. చివరి రోజు 1500 మీటర్లు. యాభై మీటర్ల కొలనులో ముప్ఫై పొడవులు. అమెరికా తైరాక్ బాబీ ఫింకె చివరి పొడవులో తరుముకొచ్చేవాడని లోకానికి తెలుసు, టోక్యోలో రెండు బంగారాలు అలాగే తెచ్చుకున్నాడు. ఫుకువోకాలోనూ తరిమాడు. హఫ్నావీ 14 నిమిషాల 31.54, ఫింకె 14 నిమిషాల 31.59. పద్నాలుగున్నర నిమిషాల మెహనత్ తర్వాత మిగిలిన తేడా ఐదు వందోవంతులు. అప్పటి ప్రపంచ రికార్డుకు సెకండులో సగం దూరం.

ఏడాది తిరిగేసరికి దోహాలో ఒక్క ఫైనల్‌కూ చేరలేదు. పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళలేదు. 2025లో ఖబర్ వచ్చింది: 21 నెలల నిషేధం. ఈసారి మాత్ర కాదు, పదార్థమూ కాదు. పెద్ద స్థాయి ఆటగాళ్ళు తాము రోజూ ఎక్కడ ఉంటారో, ఏ గంటలో పరీక్షకు దొరుకుతారో ముందుగా రాసివ్వాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు ఆ హాజరీ తప్పితే అది కూడా డోపింగ్ నేరమే. అతనిది అదే తప్పు. ఇది కఠినమనిపిస్తుంది నాకు, కానీ ఈ కాయిదా లేకపోతే దొంగలు పరీక్షకు దొరికేదెప్పుడు?

ఇంతలో 2024 మేలో ఇంకో తమాషా. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ట్యునీషియా చట్టాలు తన నియమాలకు తగ్గట్టు లేవని, పెద్ద పోటీల్లో ఆ దేశపు జెండా ఎగరకూడదంది. రాదెస్ కొలనులో జరిగిన పోటీలో, సొంత గడ్డ మీదే, నిర్వాహకులు జెండాను గుడ్డతో కప్పారు. అధ్యక్షుడు ఖైస్ సయీద్ గుస్సాతో స్వయంగా కొలనుకు వచ్చి జెండా ఎగరేయించాడు, ఈత సమాఖ్యను రద్దు చేయమన్నాడు, అధికారులను నిర్బంధించారు. కాయితాలు సరిచూడాల్సిన దఫ్తర్‌లో ఆలస్యం జరిగితే సజా పడింది గుడ్డ కప్పినవాళ్ళకి. పారిస్ నాటికి ఆంక్ష తొలగింది.

ఆ పారిస్‌లోనే జవాదీ అనే కుర్రాడు 800 మీటర్లలో నాలుగోవాడిగా వచ్చాడు. పతకం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 2025 సింగపూర్‌కు అతనికి ఇరవై ఏళ్ళు. హఫ్నావీ నిషేధంలో ఉన్నాడు. జవాదీ 800 మీటర్లు 7 నిమిషాల 36.88లో ఈదాడు, మూడు సెకండ్ల తేడాతో బంగారం. ఆఖరి రోజు 1500 మీటర్లలో జర్మనీ తైరాక్ ష్వార్ట్జ్‌ను, ఫింకెను వెనక వదిలి 14 నిమిషాల 34.41తో రెండో బంగారం. ట్యునీషియా తెచ్చిన ఆరు బంగారాల్లో 800 మీటర్లకు తక్కువ దూరానిది ఒక్కటీ లేదు.

ఆ రెండు పందేల్లో 800 మీటర్లది హఫ్నావీ ఫుకువోకా సమయం కన్నా 0.12 సెకండ్లు మెరుగు. 1500 మీటర్లలో మాత్రం ఇంకా 2.87 సెకండ్లు వెనకే ఉన్నాడు. తర్వాతి ప్రపంచ పోటీలు 2027లో బుడాపెస్ట్‌లో. అప్పటికి హఫ్నావీ నిషేధం తీరిపోయి ఉంటుంది.