శక్కరా, చక్కెరా, పంచదారా?

పిల్లల్ని నర్సరీలో వేసేటప్పుడు మన ఐటీ జనాలం చూసేది సిలబస్, ఫీజు, బస్సు. టీచరు వాళ్ళని ఎలా దగ్గరికి తీసుకుంటుందో అడిగేవాళ్ళు తక్కువ. నా ఉద్దేశంలో అసలు ప్రశ్న అదే. ఆ దగ్గరితనం, పిల్లాడు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటను ఒప్పుకోవడంతో మొదలవుతుంది. మా నిజామాబాదు చరిత్ర చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. నీళ్ళొచ్చాయి, చెరకొచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. దాని కాలనీ పేరే శక్కర్‌నగర్. కాలువల కింద సేద్యానికి కోస్తా నుంచి రైతులొచ్చారు. మహారాష్ట్ర ఎలాగూ పక్కనే. ఇక్కడ ఒక పిల్లాడు శక్కర్ అంటాడు, ఇంకోడు పంచదార అంటాడు, మరాఠీ పిల్ల సాఖర్ అంటుంది. పుస్తకంలో మాత్రం చక్కెర. తమాషా ఏంటంటే శక్కర్, సాఖర్, చక్కెర, చివరికి ఇంగ్లీషు షుగర్ కూడా సంస్కృత 'శర్కర' నుంచి వచ్చినవే! మరి ఎవరిది తప్పు?

అదే 1937లో నిజామాబాదులో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆరో ఆంధ్ర మహాసభ జరిగింది. అప్పటికి ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 నుంచీ ఉర్దూలోనే చెప్తోంది. తెలుగు పిల్లలకి తెలుగులో చదువు కావాలన్నది ఆ ఉద్యమం కోరికల్లో ముఖ్యమైనది.

1956 తర్వాత ఆ కోరిక తీరిపోయింది అనుకుంటాం కదా? పూర్తిగా కాదు. పుస్తకాల తెలుగు ఎక్కువగా కోస్తాది. 'ఏంది', 'గిట్ల' అంటే క్లాసులో నవ్వులు. నేను చదివిన బడిలోనూ అంతే. నవ్విన టీచరు చెడ్డావిడ కాదు, భాష దిద్దుతున్నాననే అనుకుంది. కానీ అయిదేళ్ళ పిల్లాడికి ఆ మాట వాళ్ళమ్మ మాట. దాన్ని చూసి నవ్వితే ఇంటిని చూసి నవ్వినట్టే. వాడు ఇక నోరు విప్పడు. నోరు విప్పని పిల్లాడికి ఏం నేర్పుతాం?

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చూడండి. వీలైనంతవరకు మాతృభాషలో బోధన అన్న మాట, పిల్లలకి భయం, ఆందోళన లేకుండా చూడాలన్న మాట వరసగా పక్కపక్కనే ఉంటాయి. కాకపోతే ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకి. అంతకన్నా చిన్నవాళ్ళకి 1975లో మొదలైన ఐసీడీఎస్ అంగన్‌వాడీలున్నాయి. అక్కడ టీచరు మామూలుగా ఆ ఊరావిడే. బిడ్డ ఏమన్నా ఆమెకి అర్థమవుతుంది. మనం లక్షలు పోసే ప్లేస్కూళ్ళలో చాలాచోట్ల ఇది దొరకదు.

బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మనం కూడా ఊళ్ళొదిలి హైదరాబాదు, బెంగుళూరు, డాలస్ చేరాం. మన పిల్లలు ఇప్పుడు రెండున్నరేళ్ళకే ఇంగ్లీషు మాత్రమే మాట్లాడాల్సిన గదుల్లో కూర్చుంటున్నారు. ఇంగ్లీషు వద్దనడం లేదు, అది ఎలాగూ వస్తుంది. అడ్మిషన్ కెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "మావాడు మంచినీళ్ళు తెలుగులో అడిగితే మీరేం చేస్తారు?" ఫీజు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.